కర్నూలులో పిల్లల క్లినిక్: జ్వరాల సీజన్లో రద్దీని ఎలా నడుపుతున్నారో చూసి రాస్తున్నా

మామూలు రోజుల్లో ఏ పిల్లల డాక్టరైనా బాగానే చూస్తారు. హాల్లో నలుగురుంటారు, కాసేపట్లో పిలుస్తారు, నవ్వుతూ మాట్లాడి చీటీ రాసిస్తారు, ఇంటికొచ్చేస్తాం. ఆ రోజుల్లో రాసిన ఫైవ్ స్టార్ రివ్యూలు నమ్ముకుని జ్వరాల సీజన్లో వెళ్లినవాళ్లు తెల్లమొహం వేసుకుని కూర్చోవాల్సిందే. ఫ్లూ మన దేశంలో ఏటా రెండుసార్లు విరుచుకుపడుతుంది, వానల తర్వాత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒకసారి, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. క్లినిక్ ఎలాంటిదో ఆ నెలల్లోనే తెలుస్తుంది కాబట్టి నేను రాసేదంతా రద్దీ రోజుల గురించే. ఎన్.ఆర్. పేట వైపు వెళ్తే పిల్లల డాక్టర్ల బోర్డులు వరసగా కనబడతాయి కదా, వాటిల్లో ఒకటి అనుకోండి. పేరు రాయను, ఎందుకంటే తిట్టేవి కూడా ఉన్నాయి. అయినా పేరు కన్నా పద్ధతి ముఖ్యం, మీరు వెళ్లే చోట ఇవి ఉన్నాయో లేవో చూసుకోండి.

మాకు ఐదేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. పాప బడి నుంచి జలుబు తెస్తుంది, రెండోరోజుకు బాబుకు అంటుకుంటుంది, మూడోరోజుకు ఇంటిల్లిపాదీ మంచం మీద. బాబు పుట్టినప్పటి నుంచీ ఈ క్లినిక్కే కాబట్టి వానాకాలం జ్వరాలు, చలికాలం జ్వరాలు రెండూ ఇక్కడే చూశాం.

కర్నూలు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. ఇక్కడి పిల్లల క్లినిక్కులకు వచ్చేది ఊరివాళ్లే కాదు. నందికొట్కూరు, కోడుమూరు, వెల్దుర్తి, డోన్ నుంచి పొద్దున బస్సుకు బయల్దేరి వస్తారు. తుంగభద్ర దాటితే తెలంగాణ అయినా అలంపూర్, గద్వాల వాళ్లకు పెద్ద వైద్యమంటే కర్నూలే దగ్గర. 1957 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న ఊరు, డాక్టర్లకు కొదవ లేదు, పేషెంట్లకు అసలే కొదవ లేదు. సీజన్లో తొమ్మిదింటికి వెళ్తే చెప్పులు విడిచే చోటు కూడా ఉండదు.

టోకెన్లు పొద్దున ఏడింటికి ఫోన్లో ఇస్తారు. ఇస్తారు అనడమే గానీ సీజన్లో ఆ ఫోను కలిస్తే అదృష్టం. ఏడు కొట్టగానే ఎంగేజ్, ఏడుంబావుకు ఎంగేజ్, చివరికి ఎత్తి “ఉదయం ఓపీ అయిపోయిందమ్మా, సాయంత్రానికి చేయండి” అని పెట్టేస్తారు. మా ఆయన ఒక ఫోను, నేనొక ఫోను పట్టుకుని తత్కాల్ టికెట్‌కు కూర్చున్నట్టు కూర్చుంటాం. దొరికినా, చెప్పిన టైముకు గంటా గంటన్నర కలుపుకోవాలి. పదకొండున్నర అంటే ఒంటిగంట అని అర్థం. ఈ విషయంలో వాళ్లు మేం వెళ్తున్నప్పటి నుంచీ మారలేదు, ఇంకో మనిషిని ఫోను దగ్గర పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో నాకైతే తెలియదు గానీ, రోజుకు అంతమందిని చూసే క్లినిక్‌కు అదొక లెక్కా?

అయితే ఒకటి మెచ్చుకోవాలి, మొత్తం టోకెన్లు ఫోన్లోనే ఇచ్చేయరు. కొన్ని పక్కన పెట్టి, బస్సు దిగి నేరుగా వచ్చేవాళ్లకు కౌంటర్లో పదింటి దాకా ఇస్తారు. దీనిమీద టౌన్ వాళ్లు గొడవ పడుతుంటారు. “మేం ఏడింటి నుంచి చేస్తుంటే దొరకదు, ఇప్పుడొచ్చినామెకు ఎట్లా ఇస్తారు” అని ఒకాయన కౌంటర్ మీద చెయ్యి కొట్టి మరీ అడిగాడు. నా దృష్టిలో క్లినిక్ చేసేదే న్యాయం. మనం ఇంటికెళ్లి సాయంత్రం మళ్లీ రావచ్చు. గద్వాల నుంచి జ్వరం బిడ్డనెత్తుకుని వచ్చినామెను సాయంత్రం రమ్మంటే అంతదాకా యాడ కూర్చోవాలి?

ఇక అసలు సంగతికొస్తా. ఈ క్లినిక్‌కు నేను మార్కులు వేసేది డాక్టరుగారిని చూసి కాదు, తలుపు దగ్గర కూర్చునే సిస్టర్‌ని చూసి. యాభై దాటిన మనిషి. అందరూ అక్కా అని పిలుస్తారు, ఆమె తల్లుల్ని “ఏమ్మా” అంటుంది, నాన్నల్ని “ఏమప్పా” అంటుంది. టోకెన్ నంబరు అడగదు, పేరు అడగదు. ముందు బిడ్డ చొక్కా పైకెత్తి ఛాతీ, పొట్ట చూస్తుంది. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, పూర్తిగా ఒక నిమిషం, ఊపిరి లెక్కబెడుతుంది. వెనక జనం తోసుకుంటున్నా, ఎవరో “అక్కా, మాది అయిపోయింది ఒక సంతకం పెట్టు” అని చీటీ ముందుకు చాపినా, ఆ నిమిషం అయ్యేదాకా తల తిప్పదు. బిడ్డ ఏడుస్తుంటే “పాలు పట్టించమ్మా, నిమ్మళించినాక చూస్తా” అని పక్కన కూర్చోబెడుతుంది, ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పొస్తుందట. తర్వాత మర్చిపోకుండా మళ్లీ పిలుస్తుంది, అదీ గొప్ప.

ఆ లెక్క ఏమిటో నేనే అడిగి తెలుసుకున్నా. రెండు నెలల లోపు పసిబిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. ఊపిరి ఆ అంకెకు చేరినా దాటినా దాన్ని ఉత్త జలుబు అని వదిలేయకూడదు, న్యుమోనియా అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ఇది, పల్లెల్లో ఆశా కార్యకర్తలకూ ఇదే నేర్పిస్తారు. దీనికి మిషన్ అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు, నిమిషం పాటు ఓపిక ఉంటే చాలు. సీజన్లో కరువయ్యేది ఆ ఓపికే.

ఊపిరి తర్వాత డొక్కలు లోపలికి గుంజుతున్నాయా చూస్తుంది. పెద్దపిల్లలకు వేలికి, చంటిపిల్లలకు కాలి బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెడుతుంది. టెంపరేచర్, బరువు చూసి చీటీ మీద ఎర్ర పెన్నుతో రాస్తుంది. ఇదంతా అయ్యాకే పేరు, ఊరు. గోడమీద ఒక చార్టు కూడా ఉంది, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ తెచ్చిన ఏ, బీ, సీ పద్ధతి. మామూలు జ్వరం, దగ్గు, గొంతునొప్పి అయితే ఏ: టెస్టూ వద్దు, ఫ్లూ మందూ వద్దు, ఇంట్లో పెట్టుకుని ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూడాలి. జ్వరం, గొంతునొప్పి బాగా ఎక్కువగా ఉన్నా, ఊపిరితిత్తుల జబ్బో గుండె జబ్బో ముందునుంచీ ఉన్న పిల్లలైనా బీ. ఆయాసం, మత్తుగా పడి ఉండటం, పాలు ముట్టకపోవడం, గోళ్లు నీలం తిరగడం కనబడితే సీ, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఇలాంటి చార్టులు చాలాచోట్ల గోడకు అంటించి ఉంటాయి, ఎవరూ అటు చూడరు. ఇక్కడ ఎర్ర పెన్నుతో చీటీ మూలన ఆ అక్షరం వేసి మరీ లోపలికి పంపిస్తారు.

మొన్నటి సీజన్లో నా కళ్లముందు జరిగింది చెప్తా. కోడుమూరు వైపు నుంచి ఒక అవ్వ, కోడలు, నాలుగైదు నెలల బిడ్డ వచ్చారు. టోకెన్ ఎక్కడో చివర. అవ్వ ధీమాగానే ఉంది, “జెరం దిగిపోయింది, పాలు తాగడం లేదంతే, నిద్రమబ్బులో ఉండాడు” అని పక్కనామెతో చెప్తోంది. సిస్టర్ వేరే బిడ్డను చూస్తూనే ఆ మాట విని లేచొచ్చింది. గుడ్డ తీసి చూసింది, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. స్టాప్‌వాచ్ కూడా నొక్కలేదు, బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని నేరుగా లోపలికి పోయింది. ఐదు నిమిషాల్లో ఆక్సిజన్ పెట్టారు, డాక్టరుగారు పెద్దాసుపత్రి పిల్లల వార్డుకు ఫోన్ చేసి విషయం చెప్పి, ఉత్తరం రాసి, 108లో పంపించారు. ఈలోగా బయట ఒకరిద్దరు “మాకన్నా వెనకొచ్చినోళ్లను ఎట్లా పంపిస్తారు” అని మొదలుపెట్టారు. ఆమె తలుపు దగ్గరికొచ్చి, “నీ బిడ్డకు అట్లయితే అందరికన్నా ముందు నిన్నే పంపిస్తాలే, కూచో” అంది. అంతే, హాలు సద్దుమణిగింది.

ఇంత చేసి కూర్చోబెట్టే ఏర్పాటు మాత్రం సగం సగం. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లకు బయట వరండాలో రేకుల షెడ్డు కింద బెంచీలు, మిగతావాళ్లకు లోపల హాలు. ఆలోచన మంచిదే, దగ్గు తుంపర్ల జబ్బుకు గాలి ఆడే చోటే నయం. కానీ కర్నూలు ఎండ సెప్టెంబరులో కూడా ఎండే, రేకుల కింద ఒంటిగంట వేళ జ్వరం బిడ్డతో కూర్చుంటే మనకే జ్వరం వచ్చేట్టుంటుంది. పైన రెండు ఫ్యాన్లుంటాయి, ఒకటి తిరుగుతుంది. టీకాలకు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా వేరే టైము పెట్టారు, ఆ రెండు గంటలూ జ్వరం పిల్లల్ని హాల్లోకి రానివ్వరు. నెలల బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లి ఫ్లూ తెచ్చుకునే ఖర్మ ఇక్కడ లేదు, పిల్లల క్లినిక్కులన్నీ పాటించాల్సిన పద్ధతి ఇది. అయితే సోమవారం నాడు ఈ గీతలన్నీ చెరిగిపోతాయి. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి రెండు రోజుల జనం ఒక్కరోజే పడతారు, వరండా నిండిపోయి హాల్లోకి వస్తారు, మూడింటికి టీకాల తల్లులు వచ్చేసరికి ఉదయం టోకెన్లే ఇంకా నడుస్తుంటాయి. సిస్టర్ ఒక్కతే ఎంతమందికి చెప్తుంది? ఆమె సెలవు పెట్టిన రోజు వెళ్తే ఇది వేరే క్లినిక్కేమో అనిపిస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి టోకెన్ వరస ప్రకారం పిలుస్తుంది, థర్మామీటర్ పెడుతుంది, ఊపిరి లెక్కబెట్టదు. మొత్తం క్లినిక్ ఒక మనిషి మీద నడవడం నాకు భయమే. ఆమెకు తెలిసిందంతా ఇంకో ఇద్దరికి నేర్పించకపోతే ఎట్లా?

డాక్టరుగారు మాట తక్కువ మనిషి. సీజన్లో ఒక్కో బిడ్డకు ఐదు నిమిషాలు దాటవు, కొందరికి ఇది నచ్చదు. కానీ ఆ ఐదు నిమిషాల్లో చెవులు, గొంతు చూస్తారు, ఛాతీ ముందూ వెనకా వింటారు, ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నాడు, ఆడుకుంటున్నాడా అని అడుగుతారు. ఫోన్ మోగినా ఎత్తరు. ఇక చీటీ చూస్తే చాలామంది నీరుగారిపోతారు: పారాసెటమాల్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, ఓఆర్ఎస్, అంతే. నా ముందున్న పెద్దాయన మొహం మీదే అనేశాడు, “ఇంతదూరం వచ్చింది దీనికా సార్, ఒక సూదన్నా వెయ్యండి, రేపు పిల్లోడికి పరీక్ష ఉంది” అని. “ఇది వైరస్ పెద్దాయనా, దీన్ని చంపే సూది నా దగ్గర లేదు. మూడు నాలుగు రోజులు కాసి పోతుంది. దగ్గు రెండు వారాలుంటుంది, దానికి మళ్లీ రావద్దు. ఆయాసమొస్తే మాత్రం అర్ధరాత్రయినా ఆగొద్దు. పరీక్ష రాయకపోతే ఏం మునగదు, వాణ్ణి బడికి పంపితే క్లాసంతా పడుకుంటుంది” అన్నారు. పెద్దాయన వినలేదనుకోండి, బయటికొచ్చి “ఈ డాక్టరుకు సూదులు వెయ్యడం రాదు” అని తీర్పిచ్చి పోయాడు. దార్లో ఏ ఆర్ఎంపీ దగ్గరో వేయించుకునే ఉంటాడు.

నేను ఊళ్లో ఇంకోచోట కూడా చూశాను. దగ్గుతో వెళ్లిన ప్రతి బిడ్డకూ నెబులైజర్, ప్రతి చీటీలో యాంటీబయాటిక్, పైన బలానికి టానిక్. జనం కిటకిటలాడుతుంటారు అక్కడ. మనకు చీటీ నిండుగా ఉంటేనే డాక్టరు బాగా చూసినట్టు లెక్క, అందుకే తక్కువ రాసేవాళ్ల మీద ఇంత చిరాకు.

పారాసెటమాల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ క్లినిక్ నుంచి నేను నేర్చుకున్నది ఇదే. పిల్లలకు డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఇస్తారు. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి. చుక్కల మందులో ఒక మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి ఒకటిన్నర మి.లీ. సరిపోతుంది. 5 మి.లీ.కు 120 ఉన్న సిరప్ అయితే ఆరు మి.లీ. పైచిలుకు. 5 మి.లీ.కు 250 ఉన్నదైతే మూడు. మూడూ ఒకే మందు, డబ్బాలు కూడా ఒకేలా ఉంటాయి. పోయినసారి 120 సీసా వాడి, ఈసారి షాపువాడు 250 ఇస్తే, ఇంట్లో పాత అలవాటుకొద్దీ ఆరు మి.లీ. పోస్తే రెండింతలు పడిపోతుంది. అందుకే డాక్టరుగారు మందు పేరు పక్కన సీసా బలం, బిడ్డ బరువు, ఎన్ని మి.లీ., ఎన్ని గంటల ఎడం, రోజుకు ఎన్నిసార్లు దాటకూడదు, అన్నీ రాస్తారు, అదీ తెలుగులో, చదవగలిగే అక్షరాలతో. మందులు కొన్నాక మళ్లీ సిస్టర్‌కు చూపించాలని రూలు. ఆమె సీసా మీది అంకె చదివి, సూది లేని చిన్న సిరంజి మీద నల్ల మార్కర్‌తో గీత గీసి చేతికిస్తుంది. “ఈడిదాకా పీల్చు, నాలుక మీద కాదు, బుగ్గ పక్కన పొయ్యి.” చదువురాని అవ్వ కూడా తప్పు పోయదు ఇంక. ఆ సిరంజి ఎంతుంటుంది, ఐదు రూపాయలో పదో.

దగ్గు సిరప్ ఇక్కడ రాయరు, ఐదేళ్ల లోపు పిల్లలకు అసలే రాయరు. ఇది ఈ డాక్టరుగారి పట్టుదల మాత్రమే అనుకుంటే పొరపాటు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఈథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు, పేపర్లలో అందరం చదివాం. అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖే రాష్ట్రాలకు రాసింది, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా అవసరం లేదని. ఇంత జరిగినా మెడికల్ షాపుకు పోయి “పిల్లోడికి దగ్గు” అంటే చాలు, కౌంటర్ మీద సీసా పెడతారు. ఇక్కడ చెప్పేది గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన పిల్లలకైతే పడుకునే ముందు చెంచాడు తేనె. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించొద్దని గట్టిగా చెప్తారు. సాంబ్రాణి పొగ కూడా వద్దంటారు, మా అత్తమ్మకు ఆ ఒక్క మాట మింగుడుపడలేదు.

టెస్టుల విషయంలో నాకు టెన్షన్ తగ్గించిన క్లినిక్ ఇది. జ్వరం వచ్చిన మొదటిరోజే రక్తం తీసే అలవాటు లేదు. కానీ వానల తర్వాత ఫ్లూతో పాటే డెంగీ కూడా ఉంటుంది కాబట్టి, జలుబు, దగ్గు లేకుండా ఉత్త జ్వరం, వాంతులు, కడుపునొప్పి ఉంటే మాత్రం వెంటనే ఎన్ఎస్1 అనే డెంగీ టెస్టు, ప్లేట్‌లెట్లు చూపిస్తారు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమంటే అసలు టోకెన్ లేదు, నేరుగా లోపలికే. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ అందరికీ రాయరు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లకు, పరిస్థితి దిగజారుతున్నవాళ్లకు రాస్తారు. అది మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అందుకే ఆస్తమా పిల్లల చీటీ మీద ముందే రాసిపెడతారట, సీజన్లో జ్వరమొస్తే మూడోరోజు దాకా ఆగకుండా రమ్మని.

టీకా దగ్గర మాత్రం నాకు కోపం ఉంది. ఫ్లూ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే వాటిల్లో లేదు, బయట కొనుక్కోవాల్సిందే. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఏటా వేయించమంటుంది, మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. వైరస్ మారుతుంటుంది కాబట్టి టీకా కూడా ఏటా కొత్తగా తయారవుతుంది. ఇవన్నీ ఈ క్లినిక్‌లోనే చెప్పారు, బాగుంది. ఎప్పుడు చెప్పారు? సెప్టెంబరులో, హాలు నిండా దగ్గులు మోగుతుంటే. రెండు డోసులు, నాలుగు వారాల ఎడం అన్నాక, అవి పడి పని మొదలుపెట్టేసరికి ఈ విడత అయిపోతుంది కదా. మే, జూన్ నెలల్లో, బళ్లు తెరిచే ముందు ఒక మెసేజ్ పెడితే ఎంతమంది వేయించుకుంటారో. పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం తప్పకుండా పంపిస్తారు, పాప ఫోటో పెట్టే చోటుతో సహా. ఆ పంపే చేత్తోనే టీకా గుర్తుచేయొచ్చు. పోయినసారి మేం అడిగేసరికి స్టాకు అయిపోయింది, వారం తర్వాత రమ్మన్నారు.

మిగతా చిన్నాచితకా చెప్పి ముగిస్తా. సీజన్ మొదలవగానే హాల్లో బొమ్మల బుట్ట తీసేస్తారు, పిల్లలు ఏడుస్తారు గానీ అందరూ నోట్లో పెట్టుకునే బొమ్మలు కాబట్టి మంచిపనే. బొమ్మలు తీసినవాళ్లు నీళ్ల డ్రమ్ము దగ్గర గొలుసుకు కట్టిన స్టీలు గ్లాసును మాత్రం అలాగే ఉంచారు. ఊరందరి జలుబూ ఆ గ్లాసులోనే ఉంటుంది, మీ నీళ్లు మీరు తెచ్చుకోండి. కౌంటర్ దగ్గర మాస్కుల డబ్బా ఉంటుంది, పదకొండింటికి ఖాళీ. నెబులైజర్ మాస్కు ఒకరికి పెట్టింది ఇంకొకరికి పెట్టరు, ఇంటి నుంచి తెచ్చుకున్నా కాదనరు. పాలిచ్చే తల్లులకు వేరే గది లేదు, మెట్ల కింద ఒక కర్టెన్ కట్టారు, దాన్ని గది అంటారు. బాత్రూమ్ గురించి రాయకపోవడమే మేలు. కింద ఉన్న మెడికల్ షాపులోనే కొనాలని బలవంతం లేదు, కానీ కొన్ని బ్రాండ్లు అక్కడే దొరుకుతాయి, అదెందుకో అర్థం చేసుకోండి. పారాసెటమాల్ లాంటివైతే ఎక్కడైనా కొనొచ్చు, బలం చూసుకుంటే చాలు.

ఫీజు 400. ఐదు రోజుల్లో మళ్లీ వెళ్తే డబ్బులు తీసుకోరు, రివ్యూ వాళ్లకు పన్నెండింటి తర్వాత వేరే లైను. రాత్రి తొమ్మిదింటి దాకా ఒక వాట్సాప్ నంబరు ఉంది, డోసు డౌటో, దద్దుర్ల ఫోటోనో పెడితే గంటలోపు జవాబొస్తుంది, పొద్దున ఫోను ఎత్తనివాళ్లు రాత్రి మెసేజ్‌కు ఎలా పలుకుతారో ఆ రహస్యం నాకింకా అంతుపట్టలేదు. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి.

నావి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఫోనుకు, వరండాకు, ఆ గ్లాసుకు కలిపి. కొత్తగా వెళ్లేవాళ్లు సోమవారం తప్పించుకోండి, ఏమాత్రం ఆగగలిగినా మంగళవారమో బుధవారమో ఉదయం తొమ్మిదిలోపు కౌంటర్ దగ్గర ఉండండి, సాయంత్రం ఓపీకి బళ్లు వదిలాక వచ్చే జనంతో ఇంకా తొక్కిసలాట. పాత చీటీ, ఇంట్లో వాడుతున్న మందు సీసా రెండూ వెంట తీసుకెళ్లండి, సిస్టర్ అడిగేది ఆ రెండే. కారులో వచ్చేవాళ్లు మెయిన్ రోడ్డు మీదే ఆపేసి నడిచి రావడం నయం, సందులోకి తెస్తే ఆటోల మధ్య ఇరుక్కుని మీ టోకెన్ దాటిపోతుంది.